మరుగుదొడ్డికి డబ్బులిచ్చారు, మురుగుకి ఎవరిస్తారు?

కాలువల్లో పూడిక తీయలేదని, శివారుకి నీళ్ళందడం లేదని మన సంఘం ఏటా అర్జీలు పెడుతూనే ఉంది. ఈ సార్వాలో మా డెల్టా గ్రామాల్లో ఇంకో మాట ఎక్కువగా వినపడింది. బోదెలో నీళ్ళున్నాయి గానీ కాలు పెట్టబుద్ధి కావడం లేదు అని. నల్లగా, నురగతో, ముక్కు మూసుకునేటంత వాసనతో వస్తున్నాయి. ఊడ్పులకి దిగిన ఆడవాళ్ళకి కాళ్ళు దురదలు, వేళ్ళ సందుల్లో ఒరుపులు. మోకాళ్ళ దాకా కొబ్బరినూనె రాసుకుని దిగుతున్నారు. ఊరి పక్క చేలకైతే కూలి యాభై రూపాయలు ఎక్కువ అడుగుతున్నారు. అడగడంలో తప్పేమీ లేదు.

ఆ నీళ్ళు ఎక్కడివో అందరికీ తెలుసు. స్నానాల నీళ్ళు, అంట్ల నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు సైడు కాలువలో పడి, అది నేరుగా బోదెలో కలుస్తోంది. వాటితో పాటు మరుగుదొడ్ల గుంతలు నిండి పొంగిన నీళ్ళు. కొన్ని ఇళ్ళకైతే పొంగేదాకా ఆగే పని కూడా లేదు, గుంత పైభాగాన పైపు పెట్టి కాలువలోకి వదిలేశారు.

ఇది పంచాయతీ వ్యవహారం, రైతు పత్రికలో ఎందుకు అని కొందరు అనొచ్చు. ఆ నీళ్ళలో దిగేది రైతూ కూలీ. ఆ నీళ్ళు తాగేది మన గొడ్లు. డెల్టాలో పంట కాలువే మంచినీళ్ళు కూడా. సముద్రం దగ్గర ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి కాబట్టి, కాలువలు కట్టేసే ముందు మంచినీటి చెరువులు నింపుకుని వేసవి గడుపుతాం. పై ఊళ్ళో కాలువలో కలిసింది కింది ఊళ్ళో బిందెలోకి వస్తుంది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మనుషులు చనిపోయినప్పుడు పత్రికలన్నీ రాసింది కలుషితమైన నీళ్ళ గురించే. అక్కడి పరిస్థితి వేరు, మనది వేరు. కానీ మురుగూ మంచినీళ్ళూ పక్కపక్కనే నడిచే ఊళ్ళు రాష్ట్రంలో ఎన్ని లేవు?

మా శాఖ సమావేశంలో ఒక తీర్మానం వచ్చింది. కాలనీ వాళ్ళ పైపులు మూయించాలని, వినకపోతే పంచాయతీ చేత నోటీసులిప్పించి జరిమానా వేయించాలని. తెచ్చిన వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు, మడి పాడైపోతుంటే కడుపు మండి తెచ్చారు. నేను దాన్ని వ్యతిరేకించాను. ఎందుకో ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నాను, ఎందుకంటే ఇదే తీర్మానం రేపు మీ శాఖలోనూ వస్తుంది.

ముందు ఆ కాలనీ సంగతి చూడండి. పల్లెల్లో ఇళ్ళస్థలం పేరుతో ఇచ్చింది సెంటున్నర. అంటే 72 గజాలు. అందులో ఒక గది, వంటిల్లు, మెట్లు, స్నానాలగది, మరుగుదొడ్డి. ఇప్పుడు పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామంటున్నారు, మంచిదే, కానీ ముందు ఇచ్చిన సెంటున్నరలో ఇల్లు కట్టుకున్నవాళ్ళ స్థలం పెరగదు కదా. ఇంటి ముందు రోడ్డు, వెనక ఇంకొకరి గోడ. చాలా చోట్ల ఆ స్థలాలు పూర్వం మాగాణి చేలే. మెరక తోలి ప్లాట్లు వేశారు. సైడు కాలువలు లేవు, ఉన్నచోట వాటికి వాలు లేదు. అక్కడి ఇల్లాలిని పట్టుకుని "నీ మురుగు నువ్వే ఇంకించుకో" అంటే ఎక్కడ ఇంకించుకుంటుంది? ఆ ఇంటి పైపు ఏ బోదెలోకి దిగుతోందో, తెల్లారి ఆమె ఆ బోదె నీళ్ళలోనే నిలబడి నాట్లు వేస్తోంది. తెలియక వదలడం లేదు. వేరే దారి లేక వదులుతోంది.

ఆ దారి ఎందుకు లేకుండా పోయిందంటే, డబ్బు ఖర్చు పెట్టిన తీరు చూడాలి.

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. ఇంటికి 12 వేల రూపాయలు మరుగుదొడ్డికి ఇచ్చారు. ఆడవాళ్ళు చీకటి పడేదాకా కాచుకునే బాధ తప్పింది, అది చిన్న మేలు కాదు, కాదనకూడదు. కానీ ఆ 12 వేలతో ఏమొచ్చింది? నాలుగు గోడలు, తలుపు, బేసిను, దాని కింద మూడో నాలుగో సిమెంటు వరలు. మిగతాది ఇంటివాళ్ళు అప్పో సప్పో చేసి వేసుకున్నారు. మనిషిని పక్కన నిలబెట్టి ఫోటో తీసి ఎక్కించారు. 2019 అక్టోబరు 2 నాటికి దేశంలో పల్లెలన్నీ బహిరంగ మలవిసర్జన లేనివని ప్రకటించేశారు. ఫోటోలో గది కనపడుతుంది, గుంత కనపడదు. భూమిలో ఏముందో ఎవరూ తవ్వి చూడలేదు.

ఆ తర్వాత ఇంటింటికీ కుళాయి. 2019 ఆగస్టులో జలజీవన్ మిషన్ ప్రకటించి, మనిషికి రోజుకి 55 లీటర్లు ఇస్తామన్నారు. నలుగురున్న ఇంటికి 220 లీటర్లు. వెయ్యి ఇళ్ళ ఊరికి రెండు లక్షల ఇరవై వేల లీటర్లు. తాగేది, వండుకునేది అందులో కొంచెమే. ఎక్కువ భాగం మళ్ళీ మురుగై వాకిట్లోకి వస్తుంది. పూర్వం బావి నుండో చేతిపంపు నుండో మోసుకొచ్చుకున్నప్పుడు ఇన్ని నీళ్ళు వాడేవాళ్ళం కాదు. నీళ్ళు లోపలికి రావడానికి పైపు వేశారు, బయటికి పోవడానికి వేయలేదు. ఇంజనీర్లు ఉండి కూడా ఇలా జరిగిందంటే మనబోటి వాళ్ళు ఏం చెప్పగలం!

మురుగు గురించి బొత్తిగా ఆలోచించలేదని అనను. 2020లో స్వచ్ఛ భారత్ రెండో దశ వచ్చినప్పుడు మురుగునీటికి లెక్క కట్టారు. ఆ లెక్క మన సభ్యులందరికీ తెలియాలి. 5 వేల జనాభా దాకా ఉన్న ఊరికి మనిషికి 280 రూపాయలు. 5 వేలు దాటితే మనిషికి 660 రూపాయలు. ఇవి గరిష్ఠ పరిమితులు. అందులో కూడా 30 శాతం పంచాయతీయే తన ఆర్థిక సంఘం నిధుల్లోంచి పెట్టుకోవాలి. ఇప్పుడు మీరే గుణించండి. 4,900 మంది ఉన్న ఊరికి పదమూడు లక్షల డెబ్భై రెండు వేలు. 5,100 మంది ఉన్న ఊరికి ముప్ఫై మూడు లక్షల అరవై ఆరు వేలు. రెండు వందల మంది తేడాకి ఇరవై లక్షల తేడా. చిన్న ఊళ్ళో పెరళ్ళు ఉంటాయి, ఇంకుడు గుంతలతో సరిపోతుంది, పెద్ద ఊళ్ళో కాలువలు కట్టాలి అన్నది వాళ్ళ ఆలోచన. మెట్ట ప్రాంతంలో ఇది కొంత నిజం కావచ్చు. డెల్టాలో కాదు. మనిషికి 280 అంటే నలుగురున్న ఇంటికి 1,120 రూపాయలు. దానితో ఒక్క వర దింపించి చూడండి.

సాంకేతికం అంటే భయపడనక్కర్లేదు, ఇందులో రైతుకి తెలియనిది ఏమీ లేదు. రెండు గుంతల మరుగుదొడ్డి అన్నది మంచి పద్ధతి. గోడలకి కన్నాలుండే రెండు గుంతలు, ఒకటి వాడుతుంటే రెండోది మూసి ఉంటుంది. మొదటిది నిండాక దారి మళ్ళిస్తారు. నిండినదాన్ని రెండేళ్ళు కదపకుండా వదిలేస్తే లోపలిది వాసన లేని పొడి ఎరువవుతుంది, మన పెంట మాగినట్టే. ట్యాంకరు అక్కర్లేదు, ఎవరూ లోపలికి దిగక్కర్లేదు. 2022 అక్టోబరు 2న కేంద్రం ఒక గుంత ఉన్నవాళ్ళని రెండు గుంతలకి మార్చుకోమని ప్రచారం కూడా మొదలుపెట్టింది. అయితే 12 వేలు ఒకసారి తీసుకున్న ఇంటికి మళ్ళీ ఆ సొమ్ము రాదు. మా ఊరి తాపీ మేస్త్రిని అడిగాను. తవ్వకం, వరలు, మూత, మధ్య తొట్టి, పైపులు, కూలి కలిపి రెండో గుంతకి పన్నెండు వేలకి తగ్గదన్నాడు. ఆడకూలీకి అది నెలరోజుల పని, అదీ నెలంతా పని దొరికితే.

మురుగునీటికి ఇంకుడు గుంత కూడా ఇలాంటిదే. నేల పీల్చుకునే చోట బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తెలంగాణలో సిద్దిపేట దగ్గర ఇబ్రహీంపూర్‌లో ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వి వీధుల్లో మురుగు కాలువ అవసరం లేకుండా చేశారు. నిజామాబాద్ పక్కనే మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో కన్నాల సిమెంటు తొట్టిని రాళ్ళ మధ్య దింపి ఊళ్ళకి ఊళ్ళే మురుగు, దోమలు వదిలించుకున్నాయి. మనకీ ఉపాధి హామీలో ఇంకుడు గుంతలు తవ్వించారు. 2021లో సుజలాం అని పేరు పెట్టి వంద రోజుల్లో దేశంలో పది లక్షల ఇంకుడు గుంతలు అన్నారు. మన డెల్టాలో తవ్వినవి ఇప్పుడెలా ఉన్నాయో వెళ్ళి చూడండి. సగం పూడిపోయి చెత్తకుండీలయ్యాయి, మిగతా సగం దోమల గుంటలు.

కారణం తేలిక. గుంత అడుగుకీ భూగర్భ జలానికీ మధ్య కనీసం రెండు మీటర్ల పొడి నేల ఉండాలి. మనకి కాలువలు వదిలాక రెండడుగులు తవ్వితే నీరు. గుంతలోకి నీళ్ళు పైనుండి కాదు, కింద నుండి ఊరతాయి. పైగా నల్లరేగడి, తడిస్తే ఉబ్బి కన్నాలన్నీ మూసుకుంటుంది. ఇలాంటి నేలలో గుంత తవ్వమనడం, నిండిన కడవలో నీళ్ళు పొయ్యమనడం ఒకటే. కానీ పథకంలో పేరు ఇంకుడు గుంత అని ఉంది కాబట్టి తవ్వారు, బిల్లు చేశారు.

మన నేలకి వేరేవి కావాలి. మరుగుదొడ్డి గుంతని నేల మట్టానికి పైన, ఇసుక కట్టుతో లేపి కట్టాలి. లేకపోతే అడుగు కట్టిన సరైన సెప్టిక్ ట్యాంకు కట్టి, దాని నుండి వచ్చే నీటిని కంకర వడపోత గుండా పంపాలి. వాడుక నీటిని అడ్డజాలీ, మడ్డి తొట్టి దాటించి, నాలుగు వీధులకి కలిపి ఒక చోటికి తెచ్చి, తుంగా మెట్టతామరా నాటిన మడుగులో నిలబెట్టి, అప్పుడు వదలాలి. పంజాబ్‌లో సంత్ బల్‌బీర్ సింగ్ సీచేవాల్ చూపించిన దారి ఇదే. కాలీ బేయిన్ నదిని బాగుచేసే పనిలో, ఊళ్ళ మురుగు నదిలోకి పోకుండా మళ్ళించి, మడ్డి తేర్చి, చెరువులో నిలవబెట్టి, మోటారుతో చేలకి పెట్టించారు. రైతులే ఆ నీళ్ళు తీసుకున్నారు. మనకీ గొడ్ల గడ్డికి, అరటికి, కొబ్బరికి పనికొచ్చే నీళ్ళు అవి. కానీ ఇవన్నీ ఇంటికి 1,120 రూపాయలతో అయ్యేవి కావు. ఒక్కో కుటుంబం విడివిడిగా చేసుకునేవీ కావు.

ట్యాంకరు సంగతి చెప్పకుండా ముందుకి పోలేం. గుంత నిండినప్పుడు పట్నం నుండి ట్యాంకరు వస్తుంది. ఇంటి ముందు పీల్చుకుంటుంది. ఎక్కడ పోస్తుందో ఎవరూ అడగరు. మురుగు కోడులోనో, పంట కోసిన చేలోనో, రోడ్డు పక్క గోతిలోనో, ఎక్కువగా చీకటి పడ్డాకే. వరంగల్, నరసాపురం లాంటి పట్టణాల్లో మలవ్యర్థాల శుద్ధి కేంద్రాలు కట్టారు. పల్లె నుండి అంత దూరం డీజిలు పోసుకుని వెళ్ళే ట్యాంకరు యజమాని ఎవరు? రెండో దశలో జిల్లా స్థాయిలో దీనికి మనిషికి 230 రూపాయల దాకా లెక్క ఉంది. మండలానికో చోట ఎండబెట్టే మడులు, పంచాయతీలు కలిసి నడిపే ఒక ట్యాంకరు, రైతు ట్రాక్టరు అద్దె కంటే మించని ధర ఉంటే ఈ దొంగచాటు పారబోత ఆగుతుంది.

ట్యాంకరు డబ్బు లేని ఇంట్లో మనిషిని దింపుతారు. ఎవరిని దింపుతారో, ఏ వాడ నుండి పిలుస్తారో చెప్పాల్సిన పని లేదు. 2013లో చట్టం వచ్చి మనిషిని గుంతలోకి దింపడం నేరమైంది. 2023లో సుప్రీంకోర్టు, ఇలా చనిపోయిన వాళ్ళ కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలంది. పక్కా గుంతకి పెట్టాల్సిన డబ్బు పెట్టకపోవడం వల్లే గ్యాసు పట్టి మనుషులు పోతున్నారు. రైతు ఆత్మహత్య మీద మనం రోడ్డెక్కుతాం. గుంతలో పోయిన కూలీ మీద కూడా మన సంఘం గొంతు వినపడాలి.

డబ్బు ఎక్కడుంది అని అధికారులు అడుగుతారు. 15వ ఆర్థిక సంఘం 2021 నుండి 2026 దాకా పంచాయతీరాజ్ సంస్థలకిచ్చే గ్రాంటులో 60 శాతానికి షరతు పెట్టింది. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాననీటి నిల్వ, వాడిన నీటిని మళ్ళీ వాడటానికి. మీ పంచాయతీకి పది లక్షలు వస్తే మూడు లక్షలు దీనికి, మూడు లక్షలు దానికి. చిన్న మొత్తమే, ఐదేళ్ళు వరసగా పెడితే ఒక కాలనీ అయినా బాగుపడేది. 2021లో ఏం జరిగిందో గుర్తుందిగా? ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిల కింద జమ చేసుకున్నారని రాష్ట్రమంతా సర్పంచులు పార్టీలతో నిమిత్తం లేకుండా ఆందోళన చేశారు. మిగిలిన దాంట్లో బ్లీచింగు, ట్రాక్టరు డీజిలు, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, అవి కూడా నెలల తరబడి బాకీ. ఊరి చివర చెత్త నుండి సంపద అని రాసిన షెడ్లు చూడండి. కట్టడానికి డబ్బిచ్చారు, నడపడానికి ఇవ్వలేదు. కొన్నింట్లో ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయి. మురుగు శుద్ధి కూడా అలా కాకూడదంటే కట్టే ఖర్చుతో పాటు నడిపే ఖర్చు కూడా అడగాలి.

ఆ ఆర్థిక సంఘం కాలం 2026 మార్చి దాకానే, 2026 ఏప్రిల్ నుండి 16వ ఆర్థిక సంఘం లెక్కలు. స్వచ్ఛ భారత్ రెండో దశ గడువు కూడా అప్పటిదాకానే. ఇప్పుడు మాట్లాడకపోతే ఇంకో ఐదేళ్ళు మనిషికి 280 రూపాయల దగ్గరే ఉంటాం.

మనం అడగాల్సింది ఇది. జనాభా గీత కాదు, నేల చూసి డబ్బివ్వాలి. నీటి మట్టం పైనున్న ఊళ్ళకి, నల్లరేగడి ఊళ్ళకి వేరే ధర కట్టాలి. గ్రామీణ నీటిసరఫరా ఇంజనీరు వేసవిలో ఒకసారి, కాలువలు పారేటప్పుడు ఒకసారి వచ్చి నీటి మట్టం కొలవాలి, ఏప్రిల్లో చూసి వేసిన ప్లాను ఆగస్టులో మునుగుతుంది. పాత గుంతని మార్చుకునే ఇంటికి రెండోసారి సాయం ఇవ్వకూడదన్న నిబంధన పోవాలి. కూలీలకి, కౌలు రైతులకి, సెంటున్నర కాలనీలకి పూర్తి ఖర్చు ప్రభుత్వమే పెట్టాలి. ఐదెకరాలు, పదెకరాలు ఉన్నవాళ్ళం మన వాటా మనం వేసుకోగలం, వేసుకోవాలి. మన గొడ్లపాకల పేడనీళ్ళు కూడా అదే సైడు కాలువలో పడుతున్నాయి, ఆ మాట మన సభల్లో ఎవరూ ఎత్తరు. కొత్త ప్లాట్లు వేసేటప్పుడు మురుగు దారి చూపించనిదే పట్టాలివ్వకూడదు. డ్వాక్రా సంఘాల మీద దీన్ని అప్పుగా రుద్దకూడదు. మరుగుదొడ్డి గదికి తెచ్చిన అప్పు వడ్డీతో కట్టిన ఆడవాళ్ళకి, ఇప్పుడు గుంత అప్పు కూడా నెత్తిన పెడితే అది సాయం కాదు, వసూలు. ఇవన్నీ జరిగేదాకా ఏ ఇంటికీ నోటీసు, జరిమానా ఉండకూడదు. జరిమానా ముందు, నిధులు వెనక అన్న పద్ధతి మనకి కొత్త కాదు, గడ్డి తగలబెట్టారని రైతుల మీద కేసులు పెట్టినప్పుడు మనమేమన్నాం? యంత్రం ఇవ్వకుండా కేసు ఎలా పెడతారని అడిగాం. ఆ న్యాయం కాలనీకి కూడా వర్తిస్తుంది.

మా శాఖలో ఆ తీర్మానం చివరికి మారింది. పైపులు మూయించాలన్న వాక్యం తీసేసి, కాలనీకీ బోదెకీ మధ్య పంచాయతీ పోరంబోకులో మడుగు తవ్వించాలని, దానికి అంచనా వేయించాలని రాశాం. ఇద్దరు సంతకం పెట్టలేదు, వాళ్ళ అభ్యంతరం వాళ్ళకుంది, పోరంబోకు ఆక్రమణలో ఉందన్న సంగతి కూడా ఉంది. దాని మీద గొడవ తప్పదు.

అక్టోబరు 2న గ్రామసభలు జరుగుతాయి, వచ్చే ఏడాది గ్రామ ప్రణాళిక పనులు కూడా ఆ రోజుల్లోనే మొదలవుతాయి. ప్రతి శాఖ కార్యదర్శీ దానికి ముందే మూడు కాగితాలు సిద్ధం చేసుకోవాలి. ఒకటి, ఊళ్ళో ఏ వీధి మురుగు ఏ బోదెలో, ఏ కోడులో కలుస్తోందో చేత్తో గీసిన పటం. రెండు, ఎన్ని ఇళ్ళకి ఒకే గుంత ఉంది, ఎన్నింటికి పైపు బయటికి ఉంది అన్న లెక్క. ఈ లెక్క కోసం కాలనీకి వెళ్ళేటప్పుడు వ్యవసాయ కార్మిక సంఘం వాళ్ళని తోడు తీసుకెళ్ళండి, లేకపోతే కేసులు పెట్టడానికి వచ్చారనుకుని తలుపులు తీయరు. మూడు, గత నాలుగేళ్ళలో షరతు నిధులు ఎంత వచ్చాయి, దేనికి ఖర్చయ్యాయి అన్నది పంచాయతీ కార్యదర్శి నుండి రాతపూర్వకంగా. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద రుసుము లేకుండానే దరఖాస్తు పెట్టండి. మూడూ జిల్లా కమిటీకి అక్టోబరు పదిహేనులోగా చేరితే, కలెక్టరుకిచ్చే వినతిపత్రంలో మీ ఊరి పేరు కూడా ఉంటుంది.